రంగు కింది దూలం

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది చలికాలంలో నన్ను జెద్దాలోని ఒక పాత కర్మాగారానికి తనిఖీ ఇంజినీరుగా వేశారు. అదొక బ్రూవరీ. సౌదీలో బీరు కాచే కర్మాగారం ఏమిటని నవ్వకండి. అక్కడ కాచింది మత్తులేని బార్లీ పానీయం, ఇప్పటికీ ప్రతి బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, దొరికేదే. మూతబడ్డ ఆ హాలును సంగీతానికి, నాటకాలకు వేదికగా మారుస్తున్నారు. కప్పు మోసే ఇనుప దూలాలకు బరువైన లైట్లు వేలాడదీయవచ్చో లేదో తేల్చడం నా పని.

మా వృత్తిలో పాత ఇనుమును ముందు గీకి చూస్తారు, తర్వాతే రంగు. ఇక్కడ ప్రారంభోత్సవం తొందరలో రంగు ముందే కొట్టేశారు. దూలాలు పెళ్లికొడుకుల్లా మెరుస్తుంటే నాకు ఒళ్లు మండింది.

రంగుల మేస్త్రీ రాజన్నది జగిత్యాల వైపు. ఊళ్లో ఆయన భార్యకు గుండె ఆపరేషన్ ఖాయమైంది. హాలు అప్పగించాకే ఎగ్జిట్ రీ-ఎంట్రీ, అంటే వెళ్లి తిరిగొచ్చే అనుమతి, ఇప్పిస్తానని ఆయనకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, తేల్చి చెప్పాడు. అప్పగింతకు నా సంతకం కావాలి.

“సార్, మీ సంతకం పడితెనే నేను ఇంటికి పోయేది,” అన్నాడు రాజన్న.

బార్లీ కాచిన గంగాళాల పైనున్న దూలం గోడలోకి దిగే చోట గీకమన్నాను. ఏళ్లతరబడి ఆవిరి పట్టిన ఇనుము పొరలు పొరలుగా ఊడింది. గీకింది రాజన్నే. అరచేతిలో రాలిన తుప్పును వేలితో నలిపి చూశాడు.

“దీని కింద జనం కూసుంటరు గద సార్. సంతకం పెట్టకుండ్రి.”

పెట్టలేదు. దూలాలకు ఆసరా కట్టాలని రాసి, ప్రారంభం వాయిదా వేయించాను. రాజన్నను మాత్రం వదలమని కఫీల్ ఆఫీసుకు వెళ్లి బతిమాలాను. పని అప్పగించకుండా ఎవరినీ పంపనన్నాడు. ఆపరేషన్ నాడు ఆసుపత్రి కాగితం మీద రాజన్న బదులు ఆయన బావమరిది సంతకం చేశాడు. ఆమె ఆపరేషన్ థియేటర్ నుంచి ప్రాణంతో బయటికి రాలేదు. కబురు వచ్చేసరికి రాజన్న కొత్త ఆసరా స్తంభాలకు రంగు వేస్తున్నాడు. బ్రష్షు డబ్బాలో పెట్టి నిచ్చెన దిగాడు.

సంతకం నిరాకరించడం సరైన పనే, ఇప్పుడైనా అదే చేస్తాను. అయితే తనిఖీలో కాదన్నప్పుడు ఆ ఆలస్యం ఎవరి నెత్తిన పడుతుందో ముందే అడగాలని అక్కడ నేర్చుకున్నాను. తర్వాతి రెండు పనుల్లోనూ, మనుషుల సెలవుకూ అప్పగింతకూ లంకె పెడితే చేరనని మొదటి సమావేశంలోనే చెప్పాను. ఒకచోట ఒప్పుకున్నారు. రెండోచోట నా బదులు వేరొకరిని పెట్టుకున్నారు.