లెవెల్ మెషీన్‌లో లేని లోపం

తుక్కుగూడ దగ్గర ఒక వెంచర్‌లో రోడ్డుకు లెవెల్స్, అంటే ఎత్తుపల్లాల కొలతలు తీస్తున్నాం. ఆ పొద్దున మెషీన్‌కు కుడి కన్ను ఆనించి చూస్తే లోపలి అడ్డగీత మసగ్గా కనబడింది. అద్దం తుడిచాను. కన్ను నలుపుకున్నాను. లాభం లేదు. ఐపీస్ కొద్దిగా లోపలికి తిప్పితే గీత స్పష్టంగా వచ్చింది. ఎవరో దీన్ని కదిలించారని ఒళ్లు మండింది తప్ప, నా కంట్లో ఏదైనా తేడా ఉందేమోనన్న ఆలోచనే రాలేదు.

నేను సర్వేయర్ని. మాది తెనాలి వైపు పల్లె. హైదరాబాద్ చుట్టూ ఎకరాలన్నీ గజాలుగా మారిపోతున్న రోజులవి, ఔటర్ రింగ్ రోడ్డుకు ఇంకా మట్టి పోస్తున్నారు. ఇబ్రహీంపట్నంలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. నాకప్పుడు యాభై నాలుగు. భార్య పోయి అప్పటికి ఐదేళ్లు. పిల్లలు లేరు.

నా లెవెల్ మెషీన్ పాతకాలంది. మూడు కాళ్ల మీద నిలబెట్టిన దుర్భిణి అనుకోండి. ముందున్న లెన్స్ దూరం నుంచి వచ్చే వెలుగును వంచి గొట్టం లోపల చిన్న బొమ్మ కట్టిస్తుంది. ఆ బొమ్మ తలకిందులుగా పడుతుంది. సరిగ్గా అది పడేచోటే అడ్డగీత ఉంటుంది. కంటి దగ్గరున్న లెన్స్, అంటే ఐపీస్, ఆ రెండింటినీ పెద్దవి చేసి చూపిస్తుంది. ఎవరి కంటికి తగ్గట్టు వాళ్లు ఐపీస్ తిప్పుకోవాలి. ఒకసారి కుదిరితే మళ్లీ ముట్టుకునే పనే ఉండదు. నా కంటికి కుదిరిన చోట, మా ఆవిడ గోళ్ల రంగు మిగిలి ఉంటే, దానితో ఎర్ర చుక్క పెట్టుకున్నాను.

ఆ చుక్క దగ్గర పెడితే నాకిప్పుడు కనబడటం లేదు. మెషీన్ తుడిచి పెట్టెలో పెట్టేది యాదయ్య. కందుకూరు మనిషి, నలభై దాటినవాడు, పన్నెండేళ్లుగా నాకు స్టాఫ్ పట్టేవాడు. స్టాఫ్ అంటే అంకెలున్న నిలువెత్తు కొలబద్ద. అతను దూరంగా దాన్ని నిలబెడితే నేను మెషీన్‌లోంచి అంకె చదువుతాను. మధ్యాహ్నం ఇద్దరం ఒకే చెట్టు కింద తినేవాళ్లం. రోజంతా నేను మాట్లాడే మనిషి అతనొక్కడే.

"ఐపీస్ ఎందుకు తిప్పావయ్యా?" అని అడిగాను.

"నేనెందుకు తిప్పుత సారూ? గుడ్డవెట్టి తుడుస్త, పెట్టెల పెడ్త. గంతే" అన్నాడు.

నేను నమ్మలేదు. నెల తిరిగేసరికి ఇంకాస్త లోపలికి తిప్పాల్సి వచ్చింది. మళ్లీ అడిగాను, మళ్లీ అదే జవాబు. విచిత్రమేమిటంటే అదే సమయంలో కళ్లజోడు లేకుండా పేపరు చదవగలుగుతున్నాను. నాకు వయసు వెనక్కి నడుస్తోందని యాదయ్య దగ్గర గొప్పలు కూడా పోయాను. అతను నవ్వలేదు. నా కుడి కన్ను వైపు ఒకసారి చూసి స్టాఫ్ అందుకున్నాడు.

వాన పడ్డాక అసలు సంగతి బయటపడింది. వెంచర్‌లో కట్టిన కాలువలో నీళ్లు కదలడం లేదు. వాటం తిరగబడింది. స్టాఫ్ మీద మూడును నేను ఎనిమిదిగా చదివాను. కంపెనీ మనుషులు ముగ్గురు వచ్చి ఎలా జరిగిందని నిలదీశారు. వాళ్ల ముందే యాదయ్య మీద విరుచుకుపడ్డాను. "వీడికి స్టాఫ్ నిలువుగా పట్టుకోవడం చేతకావడం లేదు. పైగా మెషీన్ కెలుకుతున్నాడు" అన్నాను. పన్నెండేళ్లలో అతన్ని "వీడు" అనడం అదే మొదలు.

యాదయ్య స్టాఫ్ మడిచి నా కాళ్ల దగ్గర పెట్టాడు. "సరే సారూ" అని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. నేనూ వెళ్లి పిలవలేదు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నాలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుంది.

కొత్తగా పెట్టుకున్న మనిషి మెషీన్ ముట్టుకోకుండా నేనే తుడుచుకున్నాను, నేనే పెట్టెలో పెట్టుకున్నాను. అయినా ఐపీస్ లోపలికి పోతూనే ఉంది. చివరికి ఇక తిరగనంత దాకా వచ్చింది. అప్పుడు చెట్టు కింద ఒక్కణ్ణే కూర్చుని ఎడమ కన్ను మూసి చూశాను. ఎదురుగా ఉన్న వాటర్ ట్యాంకు రెండు ట్యాంకులై ఒకదానిమీద ఒకటి పడి కనబడింది. కుడి కన్ను మూస్తే ఒక్కటే ట్యాంకు.

ఇబ్రహీంపట్నంలో కళ్లజోళ్ల షాపుకు వెళ్తే కుడి కంటికి మైనస్ పవర్ వచ్చిందని షాపతను అద్దం ఇచ్చాడు. మూడు నెలలకే అది చాలలేదు. "ఇది అద్దాలతోని అయ్యేది కాదన్నా, పెద్ద దవాఖానకు పో" అని అతనే పంపాడు.

సిటీలో డాక్టరుగారు చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి, స్లిట్ ల్యాంప్ అనే యంత్రంలో చూశారు. "న్యూక్లియర్ క్యాటరాక్ట్, అంటే శుక్లం. కంటిలో ఉండే లెన్స్ గట్టిపడింది. అది వెలుగును ముందుకన్నా ఎక్కువ వంచుతోంది. అందువల్ల బొమ్మ కంటి వెనకున్న రెటీనా పొర మీద పడకుండా ముందే పడిపోతోంది. దీన్ని మయోపిక్ షిఫ్ట్ అంటాం. దగ్గరివి కళ్లజోడు లేకుండా చదువుతున్నానన్నారుగా, అందుకే" అన్నారు.

"నేను సర్వేయర్నండీ. మరి ఐపీస్ తిప్పితే కనబడేదే?" అన్నాను.

ఆయన కలం కింద పెట్టారు. "కంట్లో వచ్చిన తేడాను మీరు బయటి లెన్స్‌తో సర్దుకుంటూ వచ్చారన్నమాట. రెండో కన్ను బాగుంది కాబట్టి మామూలప్పుడు మీకు తెలియలేదు. ఎన్నాళ్లుగా తిప్పుతున్నారు?"

ఏడాదిగా అన్నాను. యాదయ్య ముట్టుకోలేదని ఆ కుర్చీలో ఇక ఒప్పుకోక తప్పలేదు. సిగ్గుతో ఒళ్లంతా చెమట పట్టింది.

ఆపరేషన్ చేయాలన్నారు. బయోమెట్రీ చేసి, అంటే కంటి పొడవు కొలిచి, పాత లెన్స్ తీసి లోపల పెట్టే కృత్రిమ లెన్స్, ఐఓఎల్, పవర్ లెక్కకట్టారు. దూరం చూపుకు సరిపోయేది పెట్టమన్నాను. ఆపరేషన్ రోజు నర్సు "మీ అటెండర్ ఏరి?" అని అడిగింది. బయట ఉన్నారని అబద్ధం చెప్పాను. పిలవమంది. పిలవడానికి మనిషి లేడు. తోడు లేకుండా ఆపరేషన్ చేయబోమని ఇంటికి పంపేశారు. బస్సులో సాగర్ రోడ్డు పొడవునా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. యాదయ్యను అడగవచ్చు, వస్తాడని తెలుసు. కానీ ఏ ముఖం పెట్టుకుని అడగను?

వారం తర్వాత ఒక ఆటో అతన్ని మాట్లాడుకుని వెళ్లాను. తమ్ముణ్ణని చెప్పమన్నాను. ఫారం చేతిలోకి తీసుకుని, నర్సు ముందే, "అన్నా, నీ పేరేంది? గీడ రాయాల్నంట" అని అడిగాడు. నర్సు మా ఇద్దరినీ చూసి ఏమీ అనకుండా పెన్ను ఇచ్చింది. పాపం, సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాడు.

ఆపరేషన్ ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. నొప్పి లేదు. మర్నాడు కట్టు విప్పితే ఆకాశం నీలంగా ఉంది. ఎడమ కంటితో చూస్తే అదే ఆకాశం పలచటి టీ రంగులో ఉంది. గదికి తిరిగి వస్తే ఈ మాట చెప్పుకోవడానికి ఎవరూ లేరు. గోడకున్న మా ఆవిడ ఫోటోకు చెప్పాను.

ఆరో రోజు కన్ను ఎర్రబడి పోటు మొదలైంది. డాక్టరుగారు చూసి "లోపల వాపు, ఇన్‌ఫ్లమేషన్ ఉంది. చుక్కలు ఎవరు వేస్తున్నారు?" అన్నారు.

"నేనేనండీ."

"సగం చెంప మీద పడుతున్నట్టుంది."

నిజమే. పడుకుని, కింది రెప్ప లాగి, మణికట్టు నుదుటికి ఆనించి వేసుకోవడం నర్సు నేర్పింది. గంటకోసారి వేయమన్నారు. మూడు వారాలకు తగ్గింది.

పనికి వెళ్లిన మొదటి రోజు ఐపీస్ తిప్పాను. ఎర్ర చుక్క దగ్గరికి వచ్చేసరికి అడ్డగీత వెంట్రుకలా నిలిచింది. మెషీన్ పెట్టెలో పెట్టి, పని ఆపి, కందుకూరు బస్సెక్కాను.

యాదయ్య ఇంటి ముందు మంచం వాల్చాడు, నీళ్లిచ్చాడు. తప్పు నాదేనని, కన్ను చెడిందని చెప్పాను.

"నాకెరుకే సారూ" అన్నాడు.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"ఇదివరకు నువ్వు చూసి పోయినంక నేను చూస్తే నాకు గూడ సాఫ్ కనవడుతుండె. తర్వాత తర్వాత నువ్వు పెట్టింది నాకు మసక మసక అయింది. నీ కన్నే ఖరాబైతుందని సమజైంది. జర దవాఖానల చూపిచ్చుకో అని చెప్దామనే అనుకుంటి. నువ్వు పేపరు చదువుతున్ననని సంబురపడ్తివి."

"ఆ రోజు వాళ్ల ముందైనా చెప్పొచ్చు కదయ్యా?"

"చెప్తే నిన్ను ఉంచుదురా? కన్ను లేని సర్వేయర్‌ను ఎవరు పెట్టుకుంటరు? నాదేముంది, ఏడనైనా కట్టె పట్టుకుని నిలవడ్త."

నేను అతని చేతులు పట్టుకున్నాను. మళ్లీ రమ్మన్నాను. "వేరే సారు కాడ కుదురుకున్న. ఆయన నన్ను మంచిగనే పిలుస్తడు" అన్నాడు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

ఇప్పుడు నా కుడి కన్ను బాగుంది. దగ్గరివాటికి కళ్లజోడు పెట్టుకుంటాను. ఎడమ కంటిలో కూడా మొదలైందట, ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. పని ఉంది, తిండికి లోటు లేదు. మధ్యాహ్నం బాక్సు ఒక్కణ్ణే తింటాను.

నలభై దాటినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నెలకోసారి దూరంగా ఉన్న ఏదో ఒక బోర్డును ఎంచుకుని, ఒక కన్ను మూసి చదవండి, తర్వాత రెండోది మూసి చదవండి. తేడా ఉంటే ఆ వారమే డాక్టరుకు చూపించుకోండి. అర నిమిషం పని. నేను ఆ అర నిమిషం పెట్టి ఉంటే, ఈ పూట స్టాఫ్ పట్టుకుని నాకెదురుగా యాదయ్యే నిలబడి ఉండేవాడు.