షడ్డకుణ్ణి దారి అడిగిన కంప్యూటరు

మొన్న పులివెందులలో బ్యాంకుకు పోతే, కౌంటరులో ఉన్న అమ్మాయి సర్వరు రావడం లేదని నెమ్మదిగానే చెప్పింది గానీ, ఆమె వెనక కూర్చున్న పెద్దమనిషి మాత్రం నలుగురూ వింటుండగా, "నువ్వేందో నొక్కింటావు, అందుకే పోయింది" అని కసిరాడు. నాకేమీ సంబంధం లేని ఆ మాటకు నా చెవులు వేడెక్కాయి. వచ్చిన పని చూసుకోకుండానే బయటికి నడిచాను. అచ్చం అదే మాట నేనూ ఒకప్పుడు ప్రొద్దుటూరులో పడ్డాను. ఆ మంట ఇంకా చల్లారలేదని నాకు ఆ క్షణాన తెలిసింది.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో, గల్ఫు దేశాలకు పోయేవాళ్ళకు టిక్కెట్లూ వీసా పనులూ చూసిపెట్టే ఆఫీసు ఒకటి మా మామగారికి ప్రొద్దుటూరులో ఉండేది. జమ్మలమడుగులో చిన్న శాఖ కూడా తెరిచాడు. ఆయనకు కొడుకులు లేరు గనుక అల్లుళ్ళిద్దరం అందులోనే పనిచేస్తూ, ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళం. నేను పెద్దల్లుణ్ణి. రెండో అల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, నాకు షడ్డకుడు. అతను కంప్యూటరు కోర్సు చదివి వచ్చినవాడు. నేనేమో, మీలో చాలామందిలాగే, మౌసును పట్టుకుంటే ఎక్కడ పాడవుతుందోనని వేలికొసలతో ముట్టుకున్న తరంవాణ్ణి. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఒకే పంక్తిలో తింటూ, ఒకరి గొంతు ఒకరికి గిట్టకుండా బతికాం. అతను తన కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టుకున్నాడు. నా కంప్యూటరు ఏ చిన్న జబ్బు చేసినా అతనే బాగుచేయాలి, బాగుచేసినప్పుడల్లా ఆ సంగతి మామగారికి వినిపించేలా చెప్పాలి.

పెళ్ళయి చాలా ఏళ్ళయినా మాకు పిల్లలు కలగలేదు. లోపం నాలోనే ఉందని డాక్టరు చెప్పిన సంగతి నాకూ మా ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం ఆఫీసు కాస్త పలుచబడ్డాక, మగవాళ్ళ లోపాలకు వైద్యం చేసే తిరుపతి, వేలూరు ఆసుపత్రుల వెబ్‌సైట్లు తెరిచి, అర్థమైనంత చదువుకునేవాణ్ణి. ఆ రోజుల్లోనే మా అత్తగారు నాకు వడ్డించేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవడం మొదలుపెట్టింది. మా మరదలు మా ఆవిడను చూసి అదో రకంగా జాలిపడేది. ఎందుకో మాకు బోధపడేది కాదు.

అలా ఉండగా ఒకరోజు పెద్దముడియం వైపు నుంచి ఒకామె వచ్చింది. కువైట్‌లో ఇంటిపనికి పోవాలి. వైద్య పరీక్షకు ఆ రోజే అపాయింట్‌మెంటు తీసుకోకపోతే వీసా గడువు దాటిపోతుంది. షడ్డకుడు ఆ పొద్దున్నే తన కంప్యూటరు ఆపేసి జమ్మలమడుగు శాఖకు వెళ్ళాడు. నేను వెబ్‌సైటు పేరు కొడితే అలాంటిదేదీ దొరకలేదని వచ్చింది. ఇంకోటి కొట్టినా అంతే. వైర్లు పీకి పెట్టాను, వైఫై డబ్బా ఆపి మళ్ళీ వేశాను. అదే వైఫై మీద నా ఫోనులో మాత్రం వార్తలు హాయిగా తెరుచుకుంటున్నాయి. ఆ దరఖాస్తేమో ఫోనులో నింపే రకం కాదు.

మామగారు లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. "పొద్దున్నించీ ఒక్క పని తెమల్చలేకపోతివే. చిన్నోడుంటే ఈపాటికి అయిపోయుండు" అన్నాడు. తర్వాత ఆ వచ్చినామె వైపు తిరిగి, "ఏందో నొక్కి చెడగొట్టినాడమ్మా. యాడ చెయ్యి పెడితే ఆడ ఇంతే ఈ మనిషి" అన్నాడు.

ఆమె నా ముఖం చూసింది. "ఆయప్పను తిడితే నా పనైతాదా పెద్దాయనా? ఈ వీసా పోతే నా పిల్లోళ్ళ నోట్లో మన్నే. ముందు ఆ నెట్టు లైనోళ్ళకు ఫోన్ చేయండి" అంది.

చేశాను. అవతల ఒక అమ్మాయి ఎత్తి, విసుక్కోకుండా, కంప్యూటరు తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరిపించి, అంకెలు చెప్పి కొట్టమంది. కొడితే బదులు వచ్చింది. వెబ్‌సైటు పేరు కొడితే రాలేదు. "లైను బాగానే ఉంది సార్. వెబ్‌సైటు పేరు చెప్తే దాని నెంబరు చెప్పేది ఒకటుంటాది, మీ కంప్యూటరు దాన్ని అడిగే పోతాది. అది పలకల్యా. దాని అడ్రస్సు ఏముందో సెట్టింగులో చదవండి" అంది. చదివాను. "ఇది మాది కాద్సార్. మీ ఆఫీసులోదే, ఇంకో కంప్యూటరుది. ఎవరో చేత్తో కొట్టి పెట్టినారు."

ఆఫీసులో ఉన్న ఇంకో కంప్యూటరు ఒక్కటే, నా పక్కనున్న షడ్డకుడిది. అది ఆపేసి ఉంది గనుకే బదులు రాలేదు. అట్లా ఎందుకు పెడతారమ్మా అని అడిగితే, ఆ అమ్మాయి, మీరు ఏ వెబ్‌సైటుకు పోతున్నదీ అక్కడ కూర్చున్నవాళ్ళకు తెలియాలంటే పెడతారని చెప్పింది. ఆ అడ్రస్సు తీసేయించి, దానంతటదే తీసుకునేలా పెట్టించింది. వెబ్‌సైటు తెరుచుకుంది. దరఖాస్తు నింపాను. అపాయింట్‌మెంటు దొరికింది. పెద్దముడియం ఆమె నాకు దండం పెట్టి, మామగారి వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

అక్కడే నిలబడి షడ్డకుడికి ఫోన్ చేసి, నా కంప్యూటరుకు ఏం చేశావని అడిగాను.

అతను కాదనలేదు. "నన్నంటే ఏం లాభమన్నా. నువ్వు వేరే ఆఫీసు పెట్టే ఆలోచనలో ఉండావేమోనని మామే చూస్తాండమన్యాడు. నేను చూసింది చూసినట్టు చెప్పినా."

అంటే ఆసుపత్రుల సంగతి కూడా చెప్పాడన్నమాట. అత్తగారి ముఖం, మరదలి జాలి, అన్నీ ఒక్కసారిగా తెలిసివచ్చాయి. మామగారి ముందుకు పోయి నిలబడ్డాను. ఆయన తల ఎత్తనైనా లేదు.

"నా ఆఫీసు, నా మిషన్లు. నేను చూసుకోగూడదా?"

"మిషన్లు నీవే మామా. సంసారం నాది" అన్నాను.

ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వంటింట్లోకి పోయి పొయ్యి ఆపి వచ్చి, బీరువా తెరిచి, "నీ బట్టలు తీసుకో. ఈ ఇంట్లో ఇంగ నీళ్ళు గూడ తాగను" అంది. ఆ సాయంత్రమే పులివెందుల బస్సెక్కాం. అక్కడే చిన్న గది తీసుకుని, అదే పని మొదలుపెట్టాను. వేలూరికీ పోయాం, మందులూ మింగాం. పిల్లలు మాత్రం కలగలేదు.

మామగారు పోయినప్పుడు వెళ్ళాను. నేనొక పక్క, షడ్డకుడొక పక్క పాడె మోశాం. దించాక ఎవరి దారిన వాళ్ళం పోయాం. తర్వాత అతనూ ఆ ఆఫీసు ఎత్తేశాడు. ఇప్పుడు కువైట్ పోయేవాళ్ళు ఎవరి ఫోనులో వాళ్ళే అన్నీ చూసుకుంటున్నారు.

ఆ ఫోన్లు మనం చదివినవన్నీ ఎవరెవరికో చెబుతుంటాయట. మోకాలి నొప్పికి మందు వెతికితే గంట తిరక్కుండా మందుల ప్రకటనలు వచ్చి పడతాయి. మా ఆవిడ నవ్వి ఊరుకుంటుంది, నేనూ ఊరుకుంటాను. ఆ చూసేవాడు ఎవరో, ఏ ఊళ్ళో ఉంటాడో తెలియనప్పుడు ఎవరి మీదని కోప్పడేది? మా కాలంలో చాటుగా చూసినవాడు మన పంక్తిలోనే కూర్చుని అన్నం తినేవాడు. ఎదురుగా పోయి నిలబడి అడగడానికి ఒక మనిషి ఉండేవాడు.