చిన్నమ్మ చేతికి తెలిసిన అంకెలు

మా చిన్నమ్మకు చిక్కడపల్లిలో, లైబ్రరీ దగ్గరి సందులో డీటీపీ షాపు ఉంది. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల మోడల్ పేపర్లు, పెళ్లి కార్డులు, అప్పుడప్పుడు సొంత ఖర్చుతో అచ్చయ్యే కవితలు అక్కడే కంపోజ్ అవుతాయి. పద్దెనిమిదేళ్లుగా ఆమెది ఒకే కుర్చీ. కుర్చీకి ఏమీ కాలేదు గానీ, ఆమె కుడి భుజం పట్టేసింది.

నారాయణగూడలో డాక్టర్‌కు చూపిస్తే, ఆయన ఆమె చెయ్యి పైకెత్తించి, పక్కకు చాపించి, "మౌస్ కోసం ఇంత దూరం చాపడం ఆపాలమ్మా. లేదంటే ఆర్నెల్లు పని బంద్" అన్నాడు. తిరిగొస్తూ ఆటోలో చిన్నమ్మ ఒక్క మాటే అన్నది.

"ఆర్నెల్లు బంద్ పెడితే గిరాకీ పక్క షాపుకు పోతది. పోయిన గిరాకీ మళ్లా వస్తదారా?"

కుటుంబంలో కష్టమొస్తే కొందరు డబ్బిస్తారు, కొందరు ధైర్యం చెప్తారు. నేను కీబోర్డు గీస్తాను. మెకానికల్ కీబోర్డుల పిచ్చి నాది, ప్రతి మీట కింద విడిగా స్ప్రింగు ఉండి టకటకమనే రకం. నాకు లెక్క తేలికగానే కనిపించింది. మామూలు కీబోర్డుకు కుడివైపు కాలిక్యులేటర్ అతికించినట్టు అంకెల గడి ఉంటుంది. దాన్ని తీసేస్తే మౌస్ జానెడు దగ్గరికొస్తుంది. భుజం బతుకుతుంది, షాపు బతుకుతుంది, నా పేరు నిలబడుతుంది. మూడోది ఎవరూ అడగలేదు.

నాకు నేను పెట్టుకున్న షరతు ఒకటే. మీటల మీది క్యాపులు బజార్లో దొరికే మామూలు సెట్టులోవే కావాలి. రేపు ఒకటి విరిగితే చిన్నమ్మ ఎక్కడ వెతుక్కుంటుంది? చెప్పడానికి చిన్న షరతే గానీ, అది రెడీమేడ్ చొక్కాకు సరిపడా మనిషిని తయారుచెయ్యడం లాంటిది. కుడి షిఫ్ట్‌ను కురచ చేసి పక్కన బాణం మీట ఇరికించాను. సెట్టు కొన్నాక చూస్తే అందులో కురచ షిఫ్టే లేదు. బాణాలన్నీ అశోక్ నగర్‌లో కిరాయికుండేవాళ్లలాగా ఖాళీ చేసి వేరే మూలకు మారాయి. ఇంకోసారి పై వరస క్యాపును కింది వరసలో పెట్టాను. వాటి వాలు వేరట. అదొక్కటే క్లాసులో చెయ్యెత్తిన పిల్లాడిలా నిలబడింది. మూడు నెలల్లో, మిగిలిపోయిన పెళ్లి కార్డుల అట్ట మీద, ఏడు నమూనాలు చేశాను. బల్ల కొలిచాను, ఆమె భుజం నుంచి మౌస్ దాకా టేపు పట్టి కొలిచాను. ఆమె టైపు చేస్తుంటే మాత్రం ఒక్కరోజూ పక్కన కూర్చుని చూడలేదు.

కీబోర్డు తెచ్చి బల్ల మీద పెట్టిన రోజు, చిన్నమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గింతేనా? సగం ఇంటికాడ మర్చిపోయినవా?"

"గంతే చిన్నమ్మా. కొట్టి చూడు."

కొట్టింది. రెండు లైన్లు వానలా కురిశాయి. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అంతలో ఆమె ఎడమ చెయ్యి ఒక మీటను పట్టి ఆగింది. కుడి చెయ్యి పక్కకు పోయి, ఉట్టి చెక్క మీద నాలుగుసార్లు టకటకా కొట్టింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ కొట్టింది, అదే చెక్క మీద, అదే వేగంతో. తర్వాత తల వంచి చూసుకుంది.

"అంకెలు యాడికి పోయినయిరా?"

"పై వరసలో ఉన్నయి కదా."

"వాటితోని రాదు. ఆల్ట్ పట్టుకొని పక్క గడిలనే కొట్టాలె."

ఆమె వాడేది పాతకాలపు తెలుగు ఫాంటు. మీటల్లో చోటు దొరకని ఒత్తులు, గుర్తులు రావాలంటే ఒక్కోదానికి ఒక్కో నాలుగంకెల నంబరు, అదీ ఆ గడిలోనే కొట్టాలి. నేను కోసిపారేసింది కాలిక్యులేటర్ అనుకున్నాను. తెలుగులో కొంత భాగమట. పెన్ను, కాగితం తీసుకున్నాను.

"ఆ నంబర్లు చెప్పు, రాసుకుంట" అన్నాను.

చిన్నమ్మ కళ్లు మూసుకుని వేళ్లు గాల్లో ఆడించింది. "నోటికి రావురా. చేతికే వస్తయి."

పాత కీబోర్డు తగిలించి, ఆమె చెయ్యి కొడుతుంటే పక్కన కూర్చుని రాసుకున్నాను. ముప్పై ఏడు నంబర్లు తేలాయి. నాకు నా ఫోన్ నంబరే సరిగా గుర్తుండదు.

ఒక మీట పట్టుకుంటే కుడిచేతి అక్షరాలే అంకెలుగా మారేలా నా కీబోర్డును మార్చాను. కానీ అక్షరాల వరసలు ఒకదాని కింద ఒకటి కాస్త పక్కకు జరిగి ఉంటాయి. ఆమె వేళ్లు మాత్రం గడిలోలా నిటారుగా దిగి, పక్క అంకె మీద పడతాయి. మర్నాడు మోడల్ పేపరు కోసం వచ్చిన లెక్చరరు కాగితాన్ని దూరంగా, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"అక్కా, మూడో ప్రశ్న ఏ భాషల ఉన్నది?"

"జర ఆగండి సార్, మావోడు ప్రయోగం చేస్తున్నడు."

ఆయన ఆగాడు గానీ, పక్క షాపు వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు చిన్నమ్మ కూడా చూసింది. నా కీబోర్డు తీసి పక్కన పెట్టింది, పాతది తగిలించింది. మౌస్‌ను ఎత్తి ఎడమ పక్కకు మార్చింది.

"గిదేంది చిన్నమ్మా?"

"డాక్టరు కుడి చెయ్యి చాపద్దన్నడు. ఎడమది చాపద్దనలే."

మూడు నెలలు, ఏడు అట్టలు, వేళ్ల మీద టంకం కాల్చిన రెండు మచ్చలు, వీటన్నిటికీ జవాబు బల్ల మీద రెండు జానల అవతలే ఉంది.

చిక్కు ఇంకోటి మిగిలింది. ఎడమ చేతిలో మౌస్ తాగినవాడిలా నడుస్తోంది. గంటలో అయ్యే పేపరుకు రెండు గంటలు పడుతోంది, బయట లెక్చరరు వాచీ చూసుకుంటున్నాడు. ఆ పేపర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రావాలి. చిన్నమ్మ నా కీబోర్డును, ఇంగ్లీషు కాగితాలను కలిపి, షాపులో ఖాళీగా ఉన్న రెండో కంప్యూటర్ ముందుకు తోసింది.

"ఇంగ్లీషుకు ఆ నంబర్లు అక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు."

"అయితే కూసో."

కూర్చున్నాను. నా మొదటి పేజీలో ఆమె ఎర్ర పెన్నుతో నాలుగు తప్పులు దిద్ది, పేపరు లెక్చరరు చేతిలో పెట్టింది. ఆయన వెళ్తూ వచ్చేవారం ఇంకో సెట్టు ఉందన్నాడు. చిన్నమ్మ భుజం నిమురుకుంటూ, నా వైపు తిరగకుండానే, "రేపు పదింటికల్లా రా" అన్నది.