ఏడు వాక్యాల దీవెనమ్మ

దీవెనమ్మత్త ఇక లేదన్న సంగతి నాకు గుడిలో, ప్రకటనల వరుసలో తెలిసింది. కోతకాల పండుగకు ఎవరెవరు ఏ కానుక తేవాలో చదివారు. వెనక గోడకు సున్నం వేయడానికి మనుషులు కావాలన్నారు. తరువాత కార్యదర్శిగారు కాగితం తిప్పి, "మన పూర్వపు బైబిలు స్త్రీ దీవెనమ్మ నిన్న సాయంకాలం ప్రభువునందు నిద్రించింది" అని చదివి, అదే ఊపులో పాట నంబరు చెప్పారు. అందరూ పాటల పుస్తకాలు తెరిచారు. నేను నా పుస్తకం మూసే ఉంచాను. మూడు రోజుల జ్వరమట. ఆమె ఉండే పల్లె ఆడవాళ్లు వంతులు వేసుకుని పక్కన కూర్చున్నారట. మా ఇంటికీ ఆ పల్లెకూ నడుమ ఉన్నది ఒక్క వాగు. కబురు వాగు దాటి గుడిదాకా వచ్చింది గాని, రెండు గుమ్మాల అవతల ఉన్న నా దాకా రాలేదు.

"పూర్వపు" అన్న ఆ ఒక్క మాటే నన్ను ఈ వ్యాసం రాయిస్తున్నది. ఆమెను పూర్వపు మనిషిని చేసింది జ్వరం కాదు. అంతకు ఏడాది ముందే ఆ పని చేసినవారున్నారు. వారే, ఆమె పోయాక గుడిలో పెట్టిన ఆదరణ కూడికలో లేచి నిలబడి, ఆమె సాధు స్వభావి అనీ, నోట్లో నాలుక లేని మనిషి అనీ, పెద్దల మాటకు ఎన్నడూ ఎదురాడలేదనీ కళ్లు తుడుచుకుంటూ చెప్పారు. ఈ పత్రిక సంపాదకులు కూడా "ఒక వినయశీల జీవితం గూర్చి నాలుగు మాటలు" రాసి పంపమన్నారు. వారి యెడల నాకు గౌరవం ఉంది. కాని దీవెనమ్మత్తకు నోట్లో నాలుక ఉంది. ఆ నాలుక చేసిన మేలు ఎరిగినవారిలో నేనొకతెను.

మా నాన్నగారు గురజాల దగ్గర ఒక మిషను బడిలో ఉపాధ్యాయులు. దీవెనమ్మత్త మాకు చుట్టం కాదు. చిన్న వయసులోనే భర్త పోయి, మాచర్ల వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకుని, వాగవతలి పల్లె ఆడవాళ్లకు వాక్యం నేర్పే బైబిలు స్త్రీగా మిషనులో కుదిరింది. చదవడం వచ్చింది, ఒక్కొక్క అక్షరాన్ని వేలితో తాకుతూ. రాయడం మాత్రం చేతికి పట్టుబడలేదు. అందుకని నెలకొకసారి మా ఇంటికి వచ్చి, రిపోర్టు పుస్తకం నా ముందు పెట్టి, "రాయి పిల్లా" అనేది. నలుగురిలో నోరు తెరవలేని నాకు, ఆ వసారాలో ఆమె ఎదుట మాటలు వచ్చేవి.

తక్కిన బైబిలు స్త్రీలు పల్లెకు వెళితే అరుగు మీద కూర్చుని, పాట పాడి, ఒక వాక్యం చెప్పి, మూడుసార్లు అనిపించి, లేచి వస్తారు. దీవెనమ్మత్త సంచిని చూరుకు తగిలించి, తిరగలి ముందు కూలబడేది. జొన్నలు విసిరే మనిషికి ఎదురుగా కూర్చుని తానూ పిడి పట్టుకునేది. వాక్యంలో సగం తాను, సగం ఆ మనిషి. తిరగలి ఎంతసేపు తిరిగితే అంతసేపు. మళ్లీ శుక్రవారం వెళ్లినప్పుడు వాక్యం అప్పజెప్పమని అడిగేది కాదు. "ఈ వారం ఆ మాట నీకేడ పనికొచ్చింది?" అని అడిగేది. ఎక్కడా పనికిరాలేదంటే, ఆ వారం కూడా అదే వాక్యం. పల్లె అంతటికీ అదే. ఒకరికి మిగిలిపోతే అందరూ ఆగవలసిందే. ఇది ఆమె పెట్టిన కట్టుబాటు.

శత్రువులను ప్రేమించమన్న వాక్యం దగ్గర పల్లె మొత్తం ఒక వానాకాలమంతా ఆగిపోయింది. కారణం ఎస్తేరమ్మ. ఎస్తేరమ్మకూ పక్కింటి సంతోషమ్మకూ నడిమి గోడ మీద తగాదా. ఒక శుక్రవారం నేను కూడా అత్త వెంట వెళ్లాను.

"ఏంది అత్తా, ఇంకా అదేనా? కొత్తది చెప్పవా?" అన్నది ఒకామె.

"పాతది ఇంకా రవ్వగానే ఉందమ్మా. మెదగలా," అన్నది దీవెనమ్మత్త.

"దీనివల్లే గదా! ఏమే ఎస్తేరూ, ఒక్కసారి దాన్ని ప్రేమించి చావరాదూ? మేం ముందుకు పోతాం!"

అందరూ నవ్వారు. ఎస్తేరమ్మ నవ్వలేదు. "దాని కోడి నా గింజలు తింటుంది. ముందు కోణ్ణి ప్రేమించమను," అన్నది.

దీవెనమ్మత్త గద్దించలేదు, బోధ చేయలేదు. ఇంకో గుప్పెడు జొన్నలు తిరగలి నోట్లో పోసింది. కొన్ని వారాల తరువాత ఎస్తేరమ్మే తలవంచుకుని చెప్పిందట: "సంతోషం కూలికి పోయినప్పుడు వాన పట్టింది. గోడ మీద దాని పిడకలు తడవబోతే నేనే లోపల పెట్టా. తిట్టుకుంటానే పెట్టా అత్తా." దానికి ఆమె, "తిట్టుకుంటా పెట్టినా పెట్టినట్టే. పిడకలు తడవలా గదా," అన్నదట. ఆ రోజు పల్లెలో పెళ్లి జరిగినంత సంబరం చేసుకున్నారు.

నా సంగతి చెప్పాలి. ఆదివారపు బడిలో కంఠత వాక్యాలకు బహుమతులన్నీ నావే. ఒకనాడు గొప్పకు ఒక పెద్ద కీర్తన ఆసాంతం ఆమెకు వినిపించాను. ఓపికగా విని, "చానా బాగా చెప్పావు. నిన్న ప్రార్థనలో ఏం అడిగావు?" అన్నది. నాకు గుర్తు రాలేదు. ఆ ముందు రోజుదీ గుర్తు రాలేదు. చిన్ననాటి నుంచి నాన్నగారి ప్రార్థనలోని మాటలనే తిప్పి తిప్పి అంటున్నానని అప్పుడు తెలిసింది. "అడిగిందే గుర్తు లేకపోతే, ఆయన ఇచ్చినా నీకెట్టా తెలుసుద్ది?" అన్నది. కోపంతో కన్నీళ్లు వచ్చాయి నాకు. ఆ సాయంత్రమే, యుద్ధపు రోజుల్లో కాగితం దొరక్క, బడిలోని పాత హాజరు పట్టీల వెనక వైపున, ఆ రోజు దేవుణ్ణి ఏమడిగానో ఒక్క వాక్యం రాసుకున్నాను. నా డైరీ అలా మొదలయింది. రాసింది నెల తరువాత తిరగేస్తే, ఇచ్చినవి కనిపించాయి. నేను అసలు అడగకుండా ఉండవలసినవీ కనిపించాయి. నా విశ్వాసం నాన్నగారి పంచ నుంచి బయటపడి, సొంత కాళ్ల మీద నిలబడింది ఆ పట్టీల మీదనే.

ఇక రిపోర్టు పుస్తకం. అందులో గడులుండేవి. దర్శించిన ఇండ్లు. ప్రార్థించిన స్త్రీలు. క్రొత్తగా నేర్పిన వాక్యములు. ఆ ఆఖరి గడిలో నెలల తరబడి సున్నా రాసేదాన్ని. ఒకసారి భయపడి, "అత్తా, ఏదో ఒక అంకె వేయనా? ప్రతి వారం చెబుతూనే ఉన్నావు గదా," అన్నాను.

"చెప్పిందే చెప్తన్నా. కొత్తగా ఏడ నేర్పా?"

"వాళ్లు కోప్పడతారు."

"దేవుడి పనని చెప్పి అబద్ధం రాస్తే, అది ఎవరి పనవుద్ది పిల్లా? సున్నా పెట్టు. గుండ్రంగా పెట్టు."

పోయిన ఏడు ఎండాకాలంలో మిషను కమిటీ ఆమెను పిలిచింది. గుడి పాస్టరు అయ్యగారు, కార్యదర్శిగారు అందులో ఉన్నారు. పుస్తకం చదవడానికి నన్నూ పిలిచారు. ఆరేళ్ల గడులన్నీ కూడితే ఏడు వాక్యాలు తేలాయి.

"ఆరేళ్లకు ఏడా!" అన్నారు కార్యదర్శిగారు. "మాచవరం వైపు తిరిగే ఆమె ఒక్క నెలలో పన్నెండు నేర్పింది. నీకు సిగ్గుగా లేదూ?"

"ఆమె చురుకైన మనిషి అయ్యా. నాకంత చేతగాదు."

"చేతగానిదానివి మానుకోరాదూ?"

"ఒక్క మాట అడగనా అయ్యా? పోయిన ఆదివారం గుడిలో మీరు చదివిన వాక్యం, ఈ వారం మీకేడ పనికొచ్చింది?"

ఒక పెద్దమనిషి దగ్గి కిటికీ వైపు తిరిగారు.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసయ్యా. పల్లెలో ఎస్తేరమ్మను అడిగేదే మిమ్మల్నీ అడిగా."

ఇది ఎదురాడటం కాకపోతే మరేది? నోట్లో నాలుక లేని మనిషి అన్న మాట ఇదే అయ్యగారు ఏ నోటితో అన్నారు? ఆ రోజు అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నారు గదా! అయ్యగారు నా వైపు తిరిగి, "అమ్మాయీ, రాసినదానివి నీవు. ఈమె సరిగా పనిచేసిందా?" అని అడిగారు. నాకు తెలుసు. ఎస్తేరమ్మ పిడకల సంగతి తెలుసు. నా పట్టీల సంగతి తెలుసు. నేను నా కాలి వేళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. "రాసిన పిల్ల కూడా ఆమె పక్షమున ఏమియు చెప్పలేదు" అని వారి పుస్తకంలో రాసుకున్నారు. అది అబద్ధం కాదు. వారిని నిందించే హక్కు నాకు ఎంతవరకు ఉన్నదో, ఆ వాక్యాన్ని తలుచుకున్నప్పుడల్లా తెలుస్తుంది.

పనిలో నుంచి తీసివేశారు. అంతటితో ఊరుకోలేదు. ఆమె చేతిలోని పెద్ద అక్షరాల బైబిలు మొదటి పేజీలో మిషను ముద్ర ఉందని, దాన్ని తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆమె చూపు అప్పటికే మందగించింది. చిన్న అక్షరాల బైబిలు ఆమె చదవలేకపోయేది. ఒక మనిషి కష్టపడి నేర్చుకున్న కొద్దిపాటి అక్షరాలను ఆ మనిషి నుంచి లాక్కోవడానికి ఇంతకంటె సులువైన మార్గం నాకు తెలియదు. బయటకు వచ్చి నేను ఏడుస్తుంటే, "నీకు నోరు రాదులే. రాత వచ్చు. రాసేప్పుడు మాత్రం మింగబాకు," అన్నది.

ఆ తరువాత నాన్నగారు నన్ను పల్లెకు వెళ్లవద్దన్నారు. ఆయన జీతం మిషనుది. వెళ్లలేదు. ఒకనాడు ఆమే మా దడి దగ్గర ఆగింది. ప్రార్థన చేసుకుంటున్నావా అత్తా అని అడిగాను. "చేస్తన్నా. ముందు నాలుగు రోజులు రాలా. మోకాళ్లేస్తే కార్యదర్శి మొహమే కనపడేది. ఇట్టా కాదని, ఆయన మీద కోపమంతా ప్రభువుకే చెప్పా. తిట్లతో సహా చెప్పా. అప్పుడుగాని మిగతా మాట రాలా." మరి వాక్యం? "ఏడూ ఆళ్ల దగ్గరే ఉన్నయ్యి. మొన్న నేనొక మాట మర్చిపోతే సంతోషం అందించింది. ఎనిమిదోది అడుగుతున్నారు. ఏడ నుంచి తెచ్చేది?" అని వెళ్లిపోయింది. ఆమెను నేను చూడటం అదే ఆఖరు.

ఆదరణ కూడిక నాడు గుడి ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద ఆ బైబిలే పెట్టారు. చుట్టూ బంతిపూల దండ. "ఇది ఆ తల్లి ప్రాణప్రదంగా చూసుకున్న గ్రంథం," అన్నారు అయ్యగారు. పల్లె ఆడవాళ్లు వెనక నేల మీద కూర్చుని ఉన్నారు. ఎస్తేరమ్మ లేచింది. తిన్నగా నడిచి వచ్చి, దండ తీసి పక్కన పెట్టి, బైబిలు చేతిలోకి తీసుకుంది.

"ఏమే, అది మిషను బైబిలు! అక్కడ పెట్టు!" అన్నారు కార్యదర్శిగారు.

"మా అత్త బైబిలని అయ్యగారు ఇప్పుడే గదా అన్నారు," అన్నది ఎస్తేరమ్మ.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. నా గొంతు రెండో వరుస దాటి ఉండదు. "అయ్యగారూ, ఆ బైబిలు ఆమె చేతిలో నుంచి తీసుకున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆమె సరిగా పనిచేసిందా అని నన్ను అడిగారు. చేసింది," అన్నాను. అంతే అనగలిగాను. ఏడాది ఆలస్యంగా అన్నాను. ఎస్తేరమ్మ బైబిలు కొంగులో పెట్టుకుని నడిచి వెళ్లిపోయింది. దాన్ని తిరిగి తెప్పించాలని కమిటీ తీర్మానించినట్టు విన్నాను. తెప్పించుకునేవారు వాగు దాటి వెళ్లి, తిరగలి ముందు కూర్చుని అడగవలసి ఉంటుంది.

ఆమెకు గొప్ప సమాధి కట్టిస్తారట. పేరు చెక్కిస్తారట. చెక్కించుకోనివ్వండి. ఆమె స్థానంలో వచ్చే మనిషి ఇంకా చాలా వాక్యాలు నేర్పవచ్చు. కాని ఈ ప్రాంతంలో పెద్దవారిని, చిన్నవారిని, బహుమతుల పిల్లలను, తిరగలి ముందున్నవారిని ఒకే ప్రశ్న అడిగే ధైర్యం ఆమెతోనే మట్టిలోకి వెళ్లిందని నేను అనుకున్నాను.

మొన్న శుక్రవారం నాన్నగారికి చెప్పే వాగు దాటాను. ఆయన వద్దనలేదు. ఎనిమిదో వాక్యం చదివి వినిపించడానికి వెళ్లాను. ఎస్తేరమ్మ జొన్నలు విసురుతున్నది. సంతోషమ్మ ఆమెకు ఎదురుగా ఉన్నది. గుడ్డలో చుట్టిన బైబిలు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. నేను పేజీ వెతుకుతుంటే ఎస్తేరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు పాపా. ముందు ఏడోది. శత్రువుల మాట. ఈ వారం నీకేడ పనికొచ్చింది?"

నేను కార్యదర్శిగారి మొహం తలుచుకున్నాను. అయ్యగారి తడి కళ్లు తలుచుకున్నాను. అబద్ధం చెప్పడానికి అది చోటు కాదు.

"ఇంకా పనికిరాలేదు," అన్నాను.

"అయితే ఎనిమిదోది ఇప్పుడు కాదులే," అని ఎస్తేరమ్మ జరిగి చోటిచ్చింది. "కూర్చో. పిడి పట్టుకో."