లీటరుకి నాలుగు మూతలు

మా మేనత్త పోయింది. మొన్న ఆదివారం పొద్దున్నే బాపట్ల నుంచి మరదలు ఫోన్ చేసి, "బావా, అమ్మ వెళ్ళిపోయింది. కాఫీ తాగి పేపరు అడిగింది. నేను తెచ్చేలోపలే..." అంది. తెనాలిలో బస్సెక్కి బాపట్ల చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. అత్తయ్య గురించి ఏది గుర్తు చేసుకున్నా అందులో ఆవిడ గెలిచే ఉంది. ఏడవడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆవిడ చాలాకాలం కొల్లూరులో ఉంది. కృష్ణ మధ్యలో లంక మీద అరటితోట, కొన్ని కూరగాయ మళ్ళు. తోటకి వెళ్ళాలంటే పడవే దిక్కు. ఆ పడవ వెనక బిగించే పాత మోటారొకటి మావయ్య ఎప్పుడో చేపలవాళ్ళ దగ్గర కొన్నాడు. అది నాకంటే పెద్దది. పేరున్న రేకు ఊడిపోయింది. ఏ దేశంలో చేశారో, పెట్రోల్లో ఎంత ఆయిలు కలపాలో చెప్పే కాగితం ముక్క లేదు. మావయ్య ఉజ్జాయింపుగా పోసేవాడు. ఆయన పోయాక తోటా మోటారూ రెండూ అత్తయ్య చేతికొచ్చాయి.

పాత స్కూటర్లు నడిపినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. అలాంటి ఇంజనుకి విడిగా ఆయిలు పొయ్యరు, పెట్రోల్లోనే కలుపుతారు. తక్కువైతే లోపల రాపిడికి ఇంజను పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ కమ్మి, ప్లగ్గు తడిసి ఆగిపోతుంది.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఒక వేసవి సెలవుల్లో నా చదువు అత్తయ్యకి కాస్త చూపించాలనిపించింది. కొత్తరకం ఆయిలు డబ్బా కొనుక్కెళ్ళాను. లీటరుకి ఇరవై మిల్లీలీటర్లు చాలని దాని మీద రాసి ఉంది. అత్తయ్య దగ్గర దగ్గుమందు సీసా మూత ఉండేది, సరిగ్గా పది మిల్లీలీటర్లది. దాంతోనే పోసేది, ఖాయమైన లెక్కంటూ లేకుండా ఎప్పుడూ కాస్త చిక్కగానే కలిపేది.

"రెండు మూతలు చాలత్తా. మిగతాదంతా దండగ," అన్నాను.

"చదువుకున్నోడివి, నీకు తెలీదా," అని నా చేతికి మూత ఇచ్చేసింది.

నది మధ్యకి వెళ్ళేసరికి ఇంజను కీచుమని అరిచి ఆగిపోయింది. తాడు లాగితే ఇసుమంతైనా కదల్లేదు. అత్తయ్య తెడ్డు ఒకటి నాకిచ్చి, ఒకటి తను తీసుకుంది. ఒడ్డుకొచ్చి పడవ కట్టేశాక, "డబ్బా మీద రాసినోడు దీన్ని చూళ్ళేదురా. దీనికేం కావాలో దీన్నే అడగాలి," అంది.

మర్నాడే మోటారుని ఆటోలో వేసుకుని రేపల్లె వెళ్ళాం. పడవ ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ అటూ ఇటూ తిప్పి చూసి, "పాత ఇనప కొట్టుకి ఇచ్చెయ్యండమ్మా," అన్నాడు.

"ఇచ్చెయ్యడానికి రాలేదు బాబూ. విప్పండి. లోపలేముందో నేను చూడాలి."

మధ్యాహ్నం దాకా స్టూలు మీద కూర్చుని ప్రతి బోల్టూ ఊడటం చూసింది. చివరికి మేస్త్రీ ఇత్తడి ఉంగరం లాంటి ముక్కని బయటికి తీశాడు, కాలి నల్లగా అయిపోయింది. "ఇదండీ సంగతి. కొత్త ఇంజన్లలో ఇక్కడ రోలర్లుంటాయి, పల్చగా కలిపినా తిరుగుతాయి. దీంట్లో ఈ బుష్షులున్నాయి. బుష్షుకి ఆయిలు పొర మందంగా ఉండాలండి," అన్నాడు.

అత్తయ్య నావైపు తిరిగి, "విన్నారా సారూ?" అంది. అంతే. నన్ను ఎత్తిపొడుస్తూ ఆవిడ జీవితంలో అన్నది ఆ రెండు మాటలే. దానికి నేనెంత రుణపడ్డానో చెప్పలేను. క్లాసులో ఏ పిల్లాడైనా ప్రయోగం పాడుచేసినప్పుడు నా నోటిదాకా వచ్చిన కోపాన్ని ఆ రెండు మాటలే చాలాసార్లు ఆపాయి.

లేతు మిషను మీద కొత్త బుష్షులు తీయించాం, పిస్టన్ రింగులు మార్పించాం. కానీ చిక్కగా అంటే ఎంత చిక్కగా? మేస్త్రీ ఆరు మూతలన్నాడు. చేపల హార్బరు దగ్గర ఒకాయన మూడు చాలన్నాడు. స్కూటరు ఆయిలు మాత్రం వద్దని, నీళ్ళతో చల్లబడే పడవ ఇంజన్లకి వేరే ఆయిలుందని ఇద్దరూ చెప్పారు. అది తెచ్చుకుని అత్తయ్య తనే పరీక్ష మొదలుపెట్టింది. ఆరు మూతలకి పడవ వెనక పొగ తెరలా లేచింది, ప్లగ్గు మసితో జిడ్డోడింది. మూడు మూతలతో ఏటికి ఎదురు నడిపితే కాసేపటికే మోటారు శబ్దం మారింది. "గొంతు ఎండుతోంది దీనికి," అని వెంటనే ఆపేసింది. ఒక్కో మార్పుకీ పాత పెట్రోలు పూర్తిగా తీసేసేది. సగం పెట్రోల్లో ఆయిలు పోసి డబ్బా బాగా కుదిపి, ఆ తర్వాతే మిగతా సగం పోసేది. తొందరపడటం ఆవిడకి చేతకాదు.

ఒకరోజు నేను క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. "దొరికిందిరా! నాలుగు! అరగంట ఎదురు నడిపి ప్లగ్గు విప్పాను. కాఫీపొడి రంగులో ఉంది, చూస్తే ముద్దొస్తోంది!" అరవై దాటిన మనిషి స్కూల్ ఫస్టొచ్చిన పిల్లలా అరుస్తోంది. ఫోన్లోంచి వినపడి పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి కృష్ణకి పెద్ద వరదొచ్చింది. అత్తయ్య ఎలా ఉందోనని నేను కొల్లూరు వెళ్ళేసరికి ఆవిడ కరకట్ట మీద నిలబడి ఉంది. గెలలు కొయ్యడానికి వెళ్ళిన కూలీలు, లంకలోనే పాకలేసుకుని ఉండేవాళ్ళు, మొత్తం ఇరవై మంది పైనే అవతల చిక్కుకుపోయారు. సహాయక బోట్లు దిగువ లంకలకి వెళ్ళాయి, వచ్చేసరికి గంటన్నర పడుతుందని అక్కడి అధికారి చెప్పాడు. అప్పటికే తోటలో మోకాటి లోతు నీళ్ళు.

"గంటన్నరకి అక్కడ ఏముంటుంది బాబూ?" అని ఆయన్నడిగి, నావైపు తిరిగింది. "అబ్బాయ్, పెట్రోలు కలుపు."

మూతతో కొలిచాను. ఆవిడ నా భుజం మీంచి చూస్తూ నాలుగు మూతలూ పైకి లెక్కపెట్టింది. అధికారి తన లైఫ్ జాకెట్ విప్పి ఆవిడ చీర మీదే కట్టాడు. డెబ్భై దాటిన మనిషి ఆ ఎర్రటి నీళ్ళలోకి పడవ తిప్పింది.

ఒక్కో దఫాకి ఐదుగురు. నాలుగుసార్లు వెళ్ళింది, నాలుగుసార్లూ వచ్చింది. ఐదోసారి నేనూ ఎక్కాను. మధ్యలో ప్రవాహం ఎంత బలంగా ఉందంటే, మోటారు పూర్తి వేగంలో ఉన్నా పడవ ఉన్నచోటే నిలబడిపోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. నేను మోటారు మీదకి వంగి ఆ కీచు శబ్దం కోసమే వింటున్నాను. ఆవిడ చూసింది.

"అరవదురా. దానికి కావలసింది పెట్టాం," అంది.

అరవలేదు. ఒకే గొంతుతో, ఒకే ఊపుతో లాగింది. పడవ జానెడు కదిలింది, తర్వాత మూరెడు, తర్వాత లంక ఒడ్డు మాకెదురుగా వచ్చేసింది. పాక అరుగు మీద మొగుడూ పెళ్ళాం, వాళ్ళ మధ్య తడిసి ముద్దయిన ఓ లేగదూడ. "దూడ వద్దులెండమ్మగారూ, బరువు," అన్నాడతను ఏడుస్తూ.

"నేను మోస్తానా? మోటారు మోస్తుంది. ఎక్కించు!"

మేం తిరిగొచ్చేసరికి కరకట్టంతా కేకలు, చప్పట్లు. ముందు చేరినవాళ్ళు నడుంలోతు నీళ్ళలోకి దిగొచ్చి పడవని చేతులతో లాక్కెళ్ళారు. అధికారి దణ్ణం పెట్టాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, అత్తయ్యకి మాత్రం ఏదీ వినపడుతున్నట్టు లేదు. జుట్టు ముడి ఊడిపోయి, ముఖమంతా మసితో, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నది వైపు తిరిగి నవ్వుతూ నిలబడింది. వెనక దూడ ఆవిడ చీరకొంగు నోట్లో పెట్టుకుని తీరిగ్గా నములుతోంది.