డోరీన్ తుపాకీ అర్జీ

మిషిగన్ ఉత్తరపు కొసన, మా ఊరి బడి వంటగదిలో డోరీన్ కంగస్, నేనూ పందొమ్మిదేళ్లు కలిసి పనిచేశాం. నవంబరు పదిహేనున జింకల వేట మొదలవుతుంది. ఆ రోజు బడికి సెలవు. ఊరంతా అడవిలో ఉంటే డోరీన్ ఇంట్లో బట్టలు ఉతుక్కునేది.

కారణం అందరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ల కిందట, తాగొచ్చి గొడవ పెట్టుకున్న మొగుడు రాడ్నీని పొయ్యి కట్టెతో కొట్టింది. అతని భుజం ఎముక విరిగింది. నేరం ఒప్పుకుంటే సాయంత్రానికి ఇంటికి పోవచ్చన్నారు, ఒప్పేసుకుంది. పడింది చిన్న జరిమానాయే. కానీ ఇంటి మనిషిని కొట్టి శిక్షపడ్డవాళ్లు తుపాకీ ముట్టకూడదని చట్టం. తండ్రి పోయి, ఆయన రైఫిల్ తనకు రావలసినప్పుడే ఆమెకు ఆ సంగతి తెలిసింది. తమ్ముడు కార్ల్ దాన్ని తన ఇంటికి పట్టుకుపోయాడు. ఆ మరుసటేడు రాడ్నీతో విడాకులూ అయ్యాయి.

కిందటేడు వసంతంలో ఆ శిక్ష రద్దు చేయమని కోర్టులో అర్జీ పెట్టింది. దెబ్బ తిన్న మనిషికి కబురు వెళుతుంది, వచ్చి తన మాట చెప్పుకోవచ్చు. రాడ్నీ వచ్చాడు. నేను డోరీన్ పక్కన కూర్చున్నాను.

"నా పని అయిపోయిందే," అంది నా చెవిలో. "ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మా పెళ్లికి కూడా వేసుకోలా."

రాడ్నీ లేచి నిలబడ్డాడు. "ఆవిడ కొట్టింది నిజమండి. ఈ చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. నేను తాగున్నానంటారు, తాగే ఉన్నా. అయినా చెయ్యి చేసుకుంది ఆవిడే, నేను కాదు. తర్వాత ఇంకెవర్నీ కొట్టినట్టు వినలా. తుపాకీ ఇస్తే ఇవ్వండి, నాకేం అడ్డు లేదు."

"మీరేమంటారు?" అని జడ్జిగారు డోరీన్‌ని అడిగారు.

"ఆయన చెప్పిందే నిజమండి. నేనే కొట్టాను."

నాతో ఎప్పుడూ కట్టె చెయ్యి జారిందనే చెప్పేది.

జడ్జిగారు శిక్ష రద్దు చేశారు. కానీ పోలీసు రికార్డులో అది అలాగే ఉండిపోయింది. అక్కడ కూడా తీసేసేదాకా తుపాకీ జోలికి పోవద్దని లాయరు చెప్పాడు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఆ నవంబరు కూడా బట్టలతోనే గడిచింది. ఫిబ్రవరిలో రికార్డు సరైంది. కార్ల్ రైఫిల్ తెచ్చాడు.

"నూనె రాసి భద్రంగా ఉంచానక్కా."

"భద్రంగా ఉంచావో, ఏటా దీన్నే పట్టుకుపోయావో."

"రెండూనూ," అన్నాడు కార్ల్.

ఈ ఏడు మూడు రోజులు మంచులో ఊరికే కూర్చుంది. నాలుగో రోజున చిన్న కొమ్ముల పోతు జింకను కొట్టింది. ఇద్దరం కలిసి రోడ్డుదాకా ఈడ్చుకొచ్చాం, దారిలో నాలుగుసార్లు ఆగాల్సొచ్చింది. మాంసం తనే కోసి, నాకు రెండు పొట్లాలిచ్చింది.

"రాడ్నీకి పంపవా?" అన్నాను.

"అడిగితే ఇస్తా."

అతను అడగలేదు.