తెల్లవారితే గురువారం

పదకొండేళ్లుగా ఒక అంకె నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇరవై రెండు. అది ఇరవై మూడు కావాలి.

నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. కెనడాలోని బ్రాంప్టన్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్లు పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, పాయింట్లు లెక్క వేయించుకోవడానికి నా దగ్గరికే వస్తారు. నా లెక్క తప్పదని పేరు. ఆ పేరు కోసమే ఆ రోజు అబద్ధమాడానా? అవుననే అనుకుంటున్నాను.

నా భార్య లలితకు పీఆర్ కోసం నేను స్పాన్సర్‌గా అప్లై చేశాను. ఫారానికి కావలసిన వివరాలన్నీ ఆమె ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసి ఇచ్చింది. పెళ్లి తేదీ ఇరవై మూడు అని రాసింది. నేను శుభలేఖ తీసి చూశాను. ఇరవై రెండు, బుధవారం రాత్రి అని ఉంది. ఆమె అంకెను నీలం సిరాతో కొట్టేసి, ఫారంలో ఇరవై రెండు టైపు చేశాను. ఆ పక్కనే ‘తెల్లవారితే గురువారం’ అని ఉన్నది చూసుకోలేదు. మా ముహూర్తం అర్ధరాత్రి దాటాక రెండూ నలభైకి. అప్పటికి తేదీ మారిపోయింది.

ఇంటర్వ్యూలో ఆఫీసరు లలితను పెళ్లి తేదీ అడిగింది. తడుముకోకుండా ఇరవై మూడు అంది. మ్యారేజ్ సర్టిఫికెట్‌లోనూ అదే. ఫారంలో మాత్రం వేరేగా ఉందే, ఎవరు నింపారని ఆఫీసరు నా వైపు తిరిగింది. తప్పు ఎక్కడ జరిగిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. నాదే అని ఒక్క మాట అంటే సరిపోయేది. వివరాలు మా ఆవిడే రాసింది, ఆమెకు అంకెలు సరిగా రావు అన్నాను.

లలిత తల దించుకుంది. బస్‌స్టాప్‌కి వచ్చాక అడిగింది.

“నేను ఇరవై మూడనే రాసినట్టు గుర్తండీ.”

“లేదు. ఇరవై రెండు వేశావు. కంగారులో చూసుకుని ఉండవు.”

“అయ్యో, నా వల్ల ఫైల్ రిజెక్ట్ అయితే?” అంతలో తనే నవ్వేసింది. “లెక్కల మాస్టారిని ఇంట్లో పెట్టుకుని నేను పెన్సిల్ పట్టుకోవడమే తప్పు.”

నేనూ నవ్వాను.

పీఆర్ వచ్చింది. ఆ మాట వల్ల ఎవరికీ నష్టం జరగలేదనుకున్నాను. కానీ కెనడా వచ్చినప్పటి నుంచి ఫార్మసీ అసిస్టెంట్ కోర్సు చేస్తానంటున్న మనిషి, తీరా సీటు వచ్చాక వద్దంది. మందుల లెక్కలో తనలాంటిది ఒక్క అంకె తప్పినా ఎవరి ప్రాణం మీదికో వస్తుందట. అప్పుడైనా చెప్పవచ్చు కదా? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ, చెబితే కోర్సు సంగతి కాదు ముందు నా మొహం ఎలా చూస్తుందో అని లెక్కవేసుకుంటూ, చేరాల్సిన గడువు దాటేదాకా ఊరుకున్నాను. ఆమె ఇప్పటికీ బేకరీలో బ్రెడ్ ప్యాక్ చేస్తోంది.

పోయిన వారం మా అమ్మాయి స్కూల్ ఫారం వచ్చింది. లలిత సంతకం చేసి, తేదీ గడి ఖాళీగా వదిలి నా వైపు జరిపింది. ఎప్పుడూ అంతే. నేనే వేశాను.

ఆ పెన్సిల్ కాగితం నా దగ్గరే ఉంది. చింపలేకపోయాను. ఆమెకు చూపించగలనా? తెలియదు. మీకు చెప్పినందుకే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అది క్షమాపణ కాదని నాకు తెలుసు.

ఆమె సరిగ్గానే రాసింది. కొట్టేసింది నేను.